ఏడాదికి పైగా ఆరాధనకు వెళ్తున్నాను, అయినా ఆ సంఘం నాదనిపించడం లేదు

ప్రశ్న (కొత్త ఊరిలో ఉంటున్న సోదరి)

అందరికీ ప్రభువు నామమున వందనాలు.

ఉద్యోగం మారి ఈ ఊరికి వచ్చి 14 నెలలయింది. వచ్చిన రెండో వారంలోనే ఒక సంఘాన్ని వెతుక్కున్నాను. అప్పటినుంచి మూడు ఆదివారాలు తప్ప ఒక్క ఆరాధన కూడా మానలేదు. ఆ మూడు ఆదివారాల సంగతి చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

నేను తలుపు పక్క వరుసలో కూర్చుంటాను. ఆశీర్వాదం కాగానే లేచి వచ్చేస్తాను. ద్వారం దగ్గర పాస్టర్ గారు "బాగున్నారా అమ్మా" అంటారు, నేను "బాగున్నానండి" అంటాను. ఇన్ని నెలల్లో మా మధ్య నడిచిన మాటలు అంతకు మించి లేవు. వాక్యం నాకు బలాన్నిస్తుంది, పాటలు చిన్ననాటి నుంచి నోటికి వచ్చినవే, కాబట్టి ఆరాధనలో నాకు ఏ లోటూ కనబడలేదు. రెండు నెలల కిందట మా అమ్మ ప్రభువునందు నిద్రించింది. సొంతూరికి వెళ్ళి మూడు వారాలు ఉండి, తిరిగి వచ్చి అదే వరుసలో కూర్చున్నాను. ద్వారం దగ్గర మళ్ళీ అదే పలకరింపు, అదే జవాబు. నేను లేని సంగతి ఎవరికీ తెలియలేదు. నేను చెప్పకపోతే వారికెలా తెలుస్తుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను గానీ, ఇంటికి వచ్చాక అమ్మ పోయిన రోజున ఏడ్చినంతగా ఏడ్చాను.

ఇప్పుడు నా సందేహం ఏమిటంటే, ఇలా వెళ్ళి రావడానికీ ఇంట్లో కూర్చుని ప్రత్యక్ష ప్రసారంలో ఆరాధన చూడడానికీ తేడా ఏముంది? సభ్యత్వం తీసుకోమని ప్రకటనల్లో చెబుతుంటారు. పుస్తకంలో పేరు ఎక్కితే ఏం మారుతుందో నాకు అర్థం కాలేదు. ఏదో ఒక పరిచర్యలో చేరమని కొందరు స్నేహితులు అంటున్నారు, కానీ ఒకసారి చేరితే ఊపిరి సలపని పనులు నెత్తిన పడతాయనీ, సంఘంలోని గొడవల్లోకి లాగుతారనీ భయంగా ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు (ఇళ్ళ దర్శన పరిచర్యలో ఉన్న పెద్దావిడ)

అమ్మా, ప్రభువు మిమ్మల్ని ఆదరించాలని ప్రార్థిస్తున్నాను. మీరు ఏడ్చినందుకు మీకు మీరు సర్దిచెప్పుకోవలసిన అవసరం లేదు. క్రమంగా వచ్చే మనిషి మూడు వారాలు కనబడకపోతే "ఏమైంది" అని అడగవలసిన బాధ్యత సంఘానిది. ఆ బాధ్యతలో మీ సంఘం తప్పిపోయింది. ఆ మాట ముందుగా చెప్పకుండా మీరేం చేయాలో చెప్పడం నాకు న్యాయంగా అనిపించదు.

అయితే ఇలా తప్పిపోవడం సంఘమంత పాతది. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో, గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రను అనుదిన పరిచర్యలో చిన్నచూపు చూస్తున్నారని సణుగు పుట్టింది. అపొస్తలులే కాపరులుగా ఉన్న యెరూషలేము సంఘంలో కూడా కొందరు కళ్ళ ముందే ఉండి కనబడకుండా పోయారు. దానికి అపొస్తలులు ఓర్చుకోమని బోధ చేసి ఊరుకోలేదు, ఆ పని చూడడానికి ఏడుగురిని ఏర్పాటు చేయించారు. ప్రేమ ఉన్నంత మాత్రాన మనుషులు గుర్తుండరనీ, గుర్తుంచుకునే పనిని ఎవరో ఒకరికి అప్పగించాలనీ నేను ఆ అధ్యాయం నుంచే నేర్చుకున్నాను.

మా సంఘంలో జరిగిన ఒక సంగతి చెబుతాను. ద్వారం దగ్గర నిలబడి పాటల పుస్తకాలు అందించే ఒక పెద్దాయన ఉండేవారు. పుస్తకం చేతికిచ్చే ముందు అట్ట మీద ఒకసారి అరచేత్తో తుడిచి ఇవ్వడం ఆయన అలవాటు. ఒక ఆదివారం మొదటి పాట సంఖ్య చెప్పేసరికి సగం మంది చేతుల్లో పుస్తకాలు లేవు, అవి బల్ల మీదే దొంతరగా ఉన్నాయి. పాట ముగియకముందే ఇద్దరు లేచి ఆయన ఇంటికి వెళ్ళారు. అంతకు ముందు రాత్రి ఆయన స్నానాల గదిలో జారి పడి, లేవలేక, తెల్లవార్లూ అక్కడే ఉన్నారు. ఆయన చేతిలో ఆ చిన్న పని లేకపోతే ఆ రోజు ఆయన కోసం ఎవరూ వెతికేవారు కాదేమో అని ఇప్పటికీ అనుకుంటాను.

అందుకే మీకు నేను చెప్పేది చాలా చిన్నది. ఈ ఆదివారం ఇరవై నిమిషాలు ముందుగా వెళ్ళండి. కుర్చీలు సర్దుతున్నవారో, పుస్తకాలు తీస్తున్నవారో అక్కడ తప్పక ఉంటారు. వారితో కలిసి ఆ పని చేయండి, పేరు అడగండి, మీ పేరు చెప్పండి. ఆరాధన అయ్యాక పది నిమిషాలు ఉండండి. ద్వారం దగ్గర పాస్టర్ గారు "బాగున్నారా" అన్నప్పుడు, "లేదండి, రెండు నెలల కిందట మా అమ్మ చనిపోయింది, మీతో కూర్చుని మాట్లాడాలి" అని చెప్పండి. ఆ వాక్యం పలకడం కష్టమని నాకు తెలుసు. కానీ పద్నాలుగు నెలలుగా "బాగున్నానండి" అన్న జవాబు విన్న మనిషికి మరో జవాబు వినే అవకాశం మీరు ఇంకా ఇవ్వలేదు.

జవాబు (సంఘ కోశాధికారిగా పనిచేసిన సోదరుడు)

సోదరీ, పై జవాబులో అమ్మగారు చెప్పిన దానికి మించి పలకరింపుల గురించి నేను చెప్పగలిగింది లేదు. పుస్తకంలో పేరు ఎక్కితే ఏం మారుతుందని మీరు అడిగిన ప్రశ్న మాత్రం నాకు బాగా తెలిసిన విషయం.

సభ్యత్వం అన్ని సంఘాల్లో ఒకే విధంగా ఉండదు. కతోలిక సంఘంలో విచారణ (ఒక గురువు సంరక్షణలో ఉండే స్థానిక సంఘం, పారిష్) సాధారణంగా ఒక ప్రాంతం ప్రకారం ఏర్పడుతుంది కాబట్టి, జ్ఞానస్నానం పొందిన వ్యక్తి ఆ పరిధిలో నివసిస్తే చాలు, ఆ విచారణకు చెందినట్టే. అయినా విచారణ గురువులకు మన చిరునామా తెలిస్తేనే అవసరంలో వారు మన ఇంటికి రాగలుగుతారు. బాప్టిస్టు సంఘాల్లో సొంతగా విశ్వాసం ఒప్పుకుని ముంచుడు బాప్తిస్మం పొందినవారిని, సంఘం సమావేశమై అంగీకరించి చేర్చుకుంటుంది. లూథరన్, ఆంగ్లికన్, మెథడిస్టు సంప్రదాయాల్లో శిశు బాప్తిస్మం పొందినవారు పెద్దయ్యాక బోధ నేర్చుకుని విశ్వాసాన్ని తామే ధ్రువీకరిస్తారు. ఒక చోట సభ్యులైనవారు మరో చోటికి మారేటప్పుడు పాత సంఘం నుంచి ఉత్తరం తెచ్చుకోవడం చాలా సంఘాల్లో ఉంది. ఇది కార్యాలయ పద్ధతిలా కనిపిస్తుంది గానీ దీని వేరు లోతైనది. రోమా పత్రిక 16వ అధ్యాయం మొదట్లో, కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబేను చేర్చుకుని, ఆమెకు కావలసిన సహాయం చేయమని పౌలు రాశాడు. ఊరు కాని ఊరికి వస్తున్న ఒక స్త్రీ గురించి, ఆమె చేరకముందే ఆమె పేరుతో మంచి మాట రాసి పంపడం అది. మీ సొంతూరి సంఘం నుంచి అటువంటి ఉత్తరం అడిగి తెచ్చుకోండి. అది అందుకున్న కాపరి మీ గురించి చదువుతాడు, తప్పక మాట్లాడతాడు.

ఇక, సభ్యురాలైతే వచ్చే హక్కులు, బాధ్యతలు ఏమిటో ముందే అడగండి. సంఘ సర్వసభ్య సమావేశంలో ఓటు ఉంటుందా, లెక్కలు చదివి వినిపిస్తారా, మీరు మంచం పట్టినప్పుడు దర్శించే బాధ్యత ఎవరిది అన్నవి అడగడానికి మొహమాటపడకండి. ముఖ్యంగా లెక్కల సంగతి. నేను ఆ పనిలో ఉన్న రోజుల్లో కానుక సంచిని ఎప్పుడూ ఒంటరిగా తెరవలేదు. బంధువులు కాని ఇద్దరు కూర్చుని లెక్కించి, మొత్తం రాసి, ఇద్దరూ సంతకం పెట్టాకే పెట్టెలో పెట్టేవాళ్ళం. ఒకసారి నాతో లెక్కించవలసిన వ్యక్తి రాలేకపోతే, సంచి మూతికి ముడి వేసి, పాస్టర్ గారి ముందే దానికి కాగితం అంటించి, మరునాడు వరకు ఆగాను. అంత అవసరమా అని ఒకరిద్దరు నొచ్చుకున్నారు. యెరూషలేములోని పేదల కోసం కానుక పోగుచేసినప్పుడు పౌలంతటివాడే తన మీద నింద రాకూడదని, సంఘాలు ఏర్పరచిన సహోదరుడిని తోడు పంపిన సంగతి 2 కొరింథీయులు 8వ అధ్యాయంలో ఉందని వారికి చూపించాను. కతోలిక సంఘం 1983 నాటి తన సంఘ చట్టంలో ప్రతి విచారణకూ ఆర్థిక మండలి తప్పనిసరి అని నిర్ణయించడంలో ఉన్న ఉద్దేశం కూడా ఇదే. లెక్కలు చూపించే సంఘంలో పేరు రాయించుకోవడానికి భయపడనవసరం లేదు.

జవాబు (ఒక సంఘం విడిచి, మరో సంఘంలో చేరిన సోదరుడు)

పై ఇద్దరి మీదా నాకు గౌరవం ఉంది. కానీ ఒక విషయంలో ఒప్పుకోలేకపోతున్నాను. పుస్తకాలు అందించే పెద్దాయన సంగతి చదివి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ వెంటనే, ఏ పనీ చేతకాని మనిషి జారిపడితే ఎవరు వెతుకుతారన్న ప్రశ్న వచ్చింది. చేతిలో పని ఉన్నవారే గుర్తుండే సంఘంలో, పని చేయలేని రోజున మనం ఎవరమూ కాము.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెబుతున్నది కాదు. పూర్వం నేనున్న సంఘంలో సండే స్కూలు, యౌవనస్థుల కూడిక, మైకులు, ప్రతి శుక్రవారం రాత్రి ప్రార్థన, ఇవన్నీ నా మీదే ఉండేవి. కాదనడం నాకు రాలేదు, చాలునని చెప్పడం వారికి రాలేదు. మూడో ఏట ఆరోగ్యం దెబ్బతిని నాలుగు నెలలు పడకలో ఉన్నాను. ఆ నాలుగు నెలల్లో నాకు వచ్చిన ఫోన్లన్నీ తాళాలు ఎక్కడున్నాయి, మైకు తీగ ఎక్కడుంది అని అడగడానికే. అక్కడినుంచి వచ్చేశాక ఏడాదిపాటు ఏ ఆరాధనకూ వెళ్ళలేకపోయాను. సోదరి భయాన్ని ఊరికే కొట్టివేయకండి.

అందుకే నా సలహా వేరు. మొదటి ఆరు నెలలు ఏ పదవీ, ఏ పరిచర్యా పేరుతో తీసుకోకండి. కుర్చీలు సర్దండి, మనుషులతో కూర్చోండి, చూడండి. వెళ్ళిపోయినవారి గురించి అక్కడ ఎలా మాట్లాడుకుంటారో శ్రద్ధగా వినండి. "వారికి మరో ఊళ్ళో ఉద్యోగం వచ్చింది, వారి కోసం ప్రార్థిస్తున్నాం" అంటే ఒక రకం, వెళ్ళినవాడు శాపగ్రస్తుడైనట్టు మాట్లాడితే మరొక రకం. యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి స్థలం, మాసిన బట్టలవాడికి పాదపీఠం దగ్గర చోటు అన్న మాట ఉంది కదా, మీ సంఘంలో ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో కూడా ఒకసారి చూడండి. ఒకరితో ఒకరికి తగవు వచ్చినప్పుడు మత్తయి 18లో ప్రభువు చెప్పినట్టు ముందు ఇద్దరే కూర్చుని మాట్లాడుకుంటారా, లేక మాట మొదట మూడో ఇంటికి చేరుతుందా? ఆరు నెలల్లో ఇవన్నీ తెలిసిపోతాయి. తర్వాత ఒక్క పని తీసుకోండి, దానికి గడువు పెట్టి తీసుకోండి. "ఏడాది పాటు చేస్తాను" అని చెప్పి చేసిన పని మనసుకు భారం కాదు.

ప్రత్యక్ష ప్రసారం గురించి కూడా ఒక మాట. పడకలో ఉన్న నాలుగు నెలలూ దానితోనే బతికాను, దాన్ని తక్కువ చేయను. కానీ క్రీస్తు శకం 155 ప్రాంతంలో జస్టిన్ అనే భక్తుడు ఆదివార ఆరాధన ఎలా జరిగేదో వివరిస్తూ, కూడికకు రాలేకపోయినవారికి వారి వంతు రొట్టెను, ద్రాక్షారసాన్ని పరిచారకులు ఇంటికి తీసుకువెళ్ళేవారని రాశాడు. అది చదివినప్పుడు నాకు ఆ నాలుగు నెలలు గుర్తుకొచ్చాయి. ఆరాధన దృశ్యం నా దగ్గరికి వచ్చింది, మనిషి మాత్రం రాలేదు.

జవాబు (ఇళ్ళ దర్శన పరిచర్యలో ఉన్న పెద్దావిడ)

బాబూ, మీరు చెప్పింది నిజం. నేను తొందరలో సగమే చెప్పాను. ఆ పెద్దాయన తుంటి ఎముక విరిగి, తర్వాత రెండేళ్ళు బతికారు గానీ ద్వారం దగ్గర మళ్ళీ నిలబడలేదు. ఆ రెండేళ్ళలో మొదటి రెండు నెలలు మేము బాగానే వెళ్ళాం, తర్వాత పలచబడ్డాం. ఒక రోజు నేను వెళితే ఆయన నన్ను చూసి, "ఈ వారం పుస్తకాలు ఎవరిచ్చారమ్మా" అని అడిగారు. ఎవరో ఒకరు ఇచ్చారని చెప్పి, అంతకు ముందు ఐదు వారాలు ఎవరమూ రాలేదని లెక్క వేసుకుని సిగ్గుపడ్డాను. మా నోటు పుస్తకం అప్పుడు మొదలైంది. ఎడమ పేజీలో రాలేనివారి పేర్లు, కుడి పేజీలో ఎవరు ఏ తేదీన వెళ్ళారన్నది. ఖాళీగా ఉన్న గడి మనల్ని పట్టిస్తుంది.

1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మెథడిస్టుల చిన్న గుంపులు మొదలైన తీరు కూడా ఇందుకు దగ్గరగానే ఉంటుంది. మందిరం అప్పు తీర్చడానికి సుమారు పన్నెండు మందికి ఒక నాయకుణ్ణి పెట్టి, వారానికొక పెన్నీ వసూలు చేయమన్నారు. ఆ నాయకులు డబ్బు కోసం ఇంటింటికీ వెళ్ళినప్పుడు ఆ ఇళ్ళ కష్టాలు బయటపడ్డాయి. మెథడిస్టుల నాయకుడు జాన్ వెస్లీ అది గ్రహించి ఆ వసూలు ఏర్పాటునే ఆత్మల సంరక్షణకు మలిచాడు. వందమందిలో ఒకరు కనబడకుండా పోవచ్చు గానీ పన్నెండు మందిలో పోవడం కష్టం. అమ్మా, మీ సంఘంలో గృహ కూడికలు ఉంటే వాటిలో మీ ఇంటికి దగ్గరైనది ఏదో అడగండి.

ప్రశ్న అడిగిన సోదరి (ఐదు వారాల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి ఆదివారం ముందుగా వెళ్ళాను గానీ లోపలికి పోవడానికి ధైర్యం చాలక రోడ్డు మీదే నిలబడ్డాను. రెండో వారం వెళ్ళాను. కుర్చీలు సర్దుతున్న ఒక అక్క నా పేరు అడగకుండానే, "మీరు తలుపు దగ్గర కూర్చుంటారు కదా, మధ్యలో కొన్ని వారాలు రాలేదు, వేరే సంఘానికి మారారేమో అనుకున్నాను" అన్నారు. అంటే నేను లేని సంగతి ఒకరికి తెలుసు. అడిగితే నొచ్చుకుంటానేమో అని ఆవిడ అడగలేదు, చెబితే భారమవుతానేమో అని నేను చెప్పలేదు.

ఆ రోజు పాస్టర్ గారికి అమ్మ సంగతి చెప్పాను. ఆయన చేతిలోని బైబిలు పక్కన పెట్టి, అమ్మ పేరు అడిగి, వెనుక మనుషులు నిలబడి ఉండగానే అక్కడే ప్రార్థన చేశారు. తర్వాత, "తెలుసుకోవలసింది మేము, క్షమించండి" అన్నారు. సొంతూరి సంఘానికి ఉత్తరం కోసం రాశాను. లెక్కల గురించి అడిగితే పోయిన ఏడాది వార్షిక నివేదిక చేతికిచ్చారు. సోదరుడు చెప్పినట్టు ఆరు నెలల వరకు పేరు పెట్టి ఏ పనీ తీసుకోనని చెప్పాను, ఎవరూ బలవంతం చేయలేదు. గృహ కూడికకు రెండుసార్లు వెళ్ళాను. తొమ్మిది మందిమి ఉంటాం. వారిలో ఇద్దరి మధ్య పాత మనస్పర్థ ఏదో ఉన్నట్టుంది, అది చూసి మొదట వెనక్కి తగ్గాలనిపించింది గానీ వెళ్ళాను.

ఒకటి అడగాలి. మా గుంపులో మంచం పట్టిన ఒక అమ్మమ్మ గారు ఉన్నారట. కుర్చీలు సర్దే అక్క ఈ శనివారం నన్ను తోడు రమ్మన్నారు. ఏం మాట్లాడాలో నాకు తెలియదు.

జవాబు (ఇళ్ళ దర్శన పరిచర్యలో ఉన్న పెద్దావిడ)

తప్పక వెళ్ళండమ్మా. నిలబడి మాట్లాడకండి, ఆమె కళ్ళకు సమంగా కూర్చోండి. ఎలా ఉన్నారని అడిగాక ఆమె చెప్పేది పూర్తయ్యేవరకు ఆగండి, ముసలివారి మాటల మధ్య మౌనం ఎక్కువసేపు ఉంటుంది. చిన్న కీర్తన ఒకటి మెల్లగా చదవండి, ఆమెకు నోటికి వచ్చినదైతే ఆమే అందుకుంటుంది. ప్రార్థన చేసే ముందు దేని గురించి చేయమంటారో ఆమెనే అడగండి. అరగంటకు మించి కూర్చోవద్దు, ఆమెకు అలసట వస్తుంది. మళ్ళీ ఎప్పుడు వస్తారో చెప్పాలనుకుంటే, నిజంగా వెళ్ళగలిగే రోజే చెప్పండి. ఇంటికి వచ్చాక ఆ తేదీ రాసి పెట్టుకోండి.